నేను కట్టిన ఎల్‌కేజీ ఫీజు

2021లో నేనొక మంచి పని చేశాను. ఆ పుణ్యమా అని మా వెనకింటి కుటుంబం 38,000 రూపాయల అప్పులో పడింది.

వెటకారం కాదండీ, నిజంగానే జరిగింది. రాద్దామని రెండేళ్ళుగా అనుకుంటూ, సిగ్గేసి వాయిదా వేస్తూ వచ్చాను. మొన్న మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు "అన్నా, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గారి పాపకి ఈ ఏడు ఎల్‌కేజీ ఫీజు నేనే కడుతున్నా" అని సంబరంగా చెప్పాడు. వాడి మొహంలో వెలుగు చూస్తే నాలుగేళ్ళ కిందటి నా మొహమే గుర్తొచ్చింది. ఇక రాయక తప్పదనిపించింది.

ముందు ఊరి సంగతి. మాది బందరు. కాగితాల మీద మచిలీపట్నం. మా నాన్న గుడివాడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తా, రోజూ పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి వెళ్ళి రాత్రికి వచ్చేవాడు. నేను కూడా గుడివాడ పక్కనే ఇంజినీరింగ్ వెలగబెట్టి 2018లో బయటపడ్డాను. అమ్మది దివిసీమ, నాగాయలంక దగ్గర ఒక పల్లె. అమ్మ చిలకలపూడి వైపు అంగన్‌వాడీ టీచరు. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి, కథలో నా తప్పు ఎంత పెద్దదో దాన్నిబట్టే తెలుస్తుంది.

చిలకలపూడి అంటే రోల్డుగోల్డు అని అందరికీ తెలుసు. బయట షోరూముల్లో మెరిసే గాజులూ, నెక్లెసులూ చూసేవాళ్ళకి తెలియందేమిటంటే, ఆ పనిలో చాలా భాగం ఇళ్ళలోనే జరుగుతుంది. ముడిసరుకు ఇంటికొస్తుంది, ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని రాళ్ళు అతికిస్తారు, అతుకులు వేస్తారు, డజన్ల లెక్కన డబ్బులు. మా వెనకింటి అక్క చేసేది ఆ పనే. పేరు రాయను, అక్క అనే అంటాను. వాళ్ళాయన ఆటో నడుపుతాడు. అప్పటికి మూడున్నరేళ్ళ పాప, అమ్మ సెంటరుకే వచ్చేది.

లాక్‌డౌన్‌లో నేను ఇంటి నుంచే పని. నా గది కిటికీ వీళ్ళ వాకిట్లోకి ఉంటుంది. పాప వచ్చి కిటికీ ఊచలు పట్టుకుని నా లాప్‌టాప్ బ్యాగు మీది అక్షరాలు ఒక్కొక్కటే అడిగేది. రెండోసారి అడగాల్సిన అవసరం ఉండేది కాదు. "ఇంత చురుకైన పిల్ల అంగన్‌వాడీలో ఉండిపోవడమేంటి?" అనుకున్నాను. అవును, మా అమ్మ నడిపే అంగన్‌వాడీ గురించే.

2021 ఆగస్టులో బళ్ళు తెరిచాక అక్కతో చెప్పాను. ఊళ్ళో ఒక ఇంగ్లీష్ మీడియం స్కూలు, ఎల్‌కేజీ ఫీజు 16,000, నేను కడతాను అని. అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అమ్మ మాత్రం వంటింట్లోంచి "ఫీజు కడతావు సరే, మధ్యాహ్నం పన్నెండున్నర తర్వాత ఆ పిల్ల ఎక్కడుంటుందిరా?" అంది. నేను వినిపించుకోలేదు. నిజం చెప్పాలంటే, తన సెంటర్లో ఒక పేరు తగ్గిపోతుందని అంటోందేమో అనుకున్నాను. కన్నతల్లి గురించి ఇంత నీచంగా ఆలోచించినందుకు ఇప్పటికీ సిగ్గే.

అమ్మ అడిగింది డిపెండెన్సీల గురించి. నేను చూసింది ఒక్క ఫీచరు గురించి :)

అమ్మ సెంటరు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా. మధ్యాహ్నం అన్నం, కూర, గుడ్డు, పాలు అక్కడే. ఆ ఏడు గంటలూ అక్క వంచిన తల ఎత్తకుండా పని చేసుకునేది. కొత్త స్కూలు పన్నెండున్నరకి వదిలేస్తుంది. అంటే మధ్యాహ్నం పని పోయింది. గ్యాసు మంట దగ్గర, మందుల దగ్గర చిన్నపిల్లని పెట్టుకుని అతుకులు వేయలేరు కదా. పైగా పొద్దున టిఫిన్ బాక్సు, వ్యాను డబ్బులు, బూట్లు, టై, పుస్తకాలు, యానివర్సరీ డ్రెస్సు. నేను 16,000 కట్టి పెద్ద దాతనయ్యాను. ఆ ఏడాదిలో అక్కకి పోయిన సంపాదన, పెరిగిన ఖర్చు కలిపి లెక్కేస్తే నా ఫీజుని మించిపోయింది. ఇవేవీ తను నాతో అనలేదు. సాయం చేసినవాడి దగ్గర ఇంకా ఏం నోరు తెరుస్తుంది?

2022లో బాబు పుట్టాడు. అదే ఏడు మా ఆఫీసు వెనక్కి రమ్మంది, హైదరాబాదు వచ్చేశాను. అద్దె, అడ్వాన్సు, బైకు ఈఎంఐ... యూకేజీ ఫీజు సగం మాత్రం పంపగలిగాను. "మిగతాది చూసుకుంటాలే తమ్ముడూ" అంది అక్క. చూసుకుంది. డ్వాక్రా సంఘంలో 15,000, పనిచ్చే యజమాని దగ్గర అడ్వాన్సు 8,000, అవీ చాలక వారం ఫైనాన్సులో 15,000. చివరికి 2023లో పాపని ఆ స్కూలు మాన్పించి మున్సిపల్ స్కూల్లో ఒకటో తరగతిలో చేర్చారు. అప్పుడు గానీ నాకు విషయం తెలియలేదు.

2024 సంక్రాంతికి ఇంటికి వెళ్ళాను. అప్పుడు రాష్ట్రమంతా అంగన్‌వాడీల సమ్మె. 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు నడిచింది. నెలకి 11,500 గౌరవ వేతనం (హెల్పర్లకి 7,000) పెంచమని, గ్రాట్యుటీ ఇవ్వమని. ప్రభుత్వం ఎస్మా కూడా ప్రయోగించింది. అమ్మ పొద్దున్నే శిబిరానికి వెళ్ళిపోయేది. సెంటరుకి తాళం. ఆ తాళం విలువేంటో మా వీధిలో ఆ 42 రోజులూ కనిపించింది. అరుగుల మీద పని సగానికి సగం ఆగిపోయింది. చంకలో బాబు, పక్కన పాప, ముందు చల్లారిపోయిన పని సామాను... అక్క అలా కూర్చుని ఉంటే నేను లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళాను. ప్రాయశ్చిత్తం అనుకోండి.

మనకి తెలిసిన విద్య ఒకటే కదా, ఎక్సెల్. మూడు అప్పులూ మూడు వరసల్లో రాశాను. వారం ఫైనాన్సువాడు 15,000 అని రాసుకుని చేతికిచ్చింది 14,000. వారానికి 360 చొప్పున 50 వారాలు, అంటే 18,000. అసలు వారం వారం తగ్గుతూ ఉంటుంది కాబట్టి లెక్కేస్తే వడ్డీ ఏడాదికి యాభై శాతం దాటింది. ఈ వ్యాపారం మన జిల్లాకి కొత్తేం కాదు. 2006 మార్చిలో మన కృష్ణా జిల్లాలోనే వసూళ్ళ బాధ భరించలేక గొడవలైతే, అధికారులు రెండు పెద్ద మైక్రోఫైనాన్స్ సంస్థల బ్రాంచీలు యాభై దాకా మూయించారు. 2010లో రాష్ట్రం మొత్తానికీ చట్టం వచ్చింది. అయినా అవసరం ఉన్నంతకాలం ఇచ్చేవాడు ఏదో ఒక పేరుతో వస్తూనే ఉంటాడు.

సరే, నేను మహా తెలివిగా "ఎక్కువ వడ్డీది ముందు తీర్చెయ్యాలక్కా, వారం ఫైనాన్సు ఫస్టు" అన్నాను. పాఠ్యపుస్తకం ప్రకారం అదే కరెక్టు. అక్క కాసేపు తెర వంక చూసి "కాదు తమ్ముడూ, ముందు యజమాని అడ్వాన్సు తీర్చాలి" అంది. దానికి వడ్డీనే లేదు కదా అన్నాను. "వడ్డీ లేదు. కానీ అది ఉన్నంతకాలం ఆయన ఇచ్చిన రేటుకే చెయ్యాలి. పక్క వీధిలో డజనుకి రెండు రూపాయలు ఎక్కువిస్తున్నారు. అడ్వాన్సు తీరితే అక్కడ చేసుకోవచ్చు" అంది.

నా ఎక్సెల్‌లో ఆ కాలమ్ లేదు. వడ్డీ లేని అప్పుకి వడ్డీ కూలిలో కోసుకుంటున్నారని నాకు తట్టలేదు. ఐదేళ్ళు ఐటీలో పనిచేసి, బాండు రాసిచ్చి ఉద్యోగంలో ఇరుక్కున్న ఫ్రెండ్సు ఇంతమంది ఉండి కూడా తట్టలేదు.

ఆ రోజే ఇంకోటి జరిగింది. మాటల్లో "అసలు నువ్వేం చేద్దామనుకున్నావక్కా?" అని అడిగాను. ఊరికే అడిగాను, పెద్ద ఆలోచనేమీ లేదు. అక్క లోపలికెళ్ళి బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో డీఎడ్ సర్టిఫికెట్. పెళ్ళికి ముందు చదివిందట. 2018 డీఎస్సీ, చంటిపిల్లని వాళ్ళమ్మకిచ్చి రాసిందట, రాలేదు. ఆ తర్వాత నోటిఫికేషనే లేదు, ఇక పనిలో పడిపోయింది. ఎనిమిదేళ్ళుగా మా వెనకింట్లో ఉన్న మనిషి టీచరు కాదగిన మనిషని నాకు తెలియదు. అంతకన్నా విచిత్రం, మా అమ్మకీ తెలియదు! పాప బరువు, ఎత్తు, టీకాలు, ఎప్పుడు జలుబు చేసిందో అన్నీ తెలుసు అమ్మకి. "అదేంటమ్మా, రోజూ రెండుసార్లు చూస్తావు కదా ఆవిణ్ణి" అంటే అమ్మ చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "మా రిజిస్టర్లో తల్లి గర్భిణిగా ఉంటుంది, బాలింతగా ఉంటుంది. ఆ తర్వాత ఆవిడకి గడి లేదురా."

ఇక్కడ కాస్త ఆగి అసలు విషయానికొస్తాను.

1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ మొదలైనప్పుడు ఆరు సేవలు అన్నారు: పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే ఆసుపత్రికి పంపడం, పూర్వ ప్రాథమిక విద్య, తల్లులకి పోషణ-ఆరోగ్య విద్య. చివరిది చూశారా, తల్లికి నేర్పడం అనే ఆలోచన మొదటి రోజు నుంచీ ఉంది. కాకపోతే నేర్పేది ఐరన్ మాత్రల గురించి, మునగాకు గురించి. అవీ ముఖ్యమే, కాదనను. కానీ ఆ మునగాకు కూర వండే మనిషి సంపాదన గురించి, చదువు గురించి, అప్పు గురించి అక్కడ మాట ఉండదు. అది వేరే డిపార్టుమెంటు. పల్లెల్లో అయితే సెర్ప్, పట్నాల్లో మెప్మా, డ్వాక్రా సంఘాలు. వాళ్ళకి అక్క ఒక సభ్యురాలు, ఒక పొదుపు ఖాతా, ఒక వాయిదా. ఆవిడకి పిల్లలున్న సంగతి ఆ రిజిస్టర్లో ఉండదు. ఒకే మనిషి రెండు డేటాబేసుల్లో ఉంది, రెండిటికీ మధ్య జాయిన్ లేదు. మన భాషలో చెప్పాలంటే అంతే.

డబ్బు సాయం సంగతి కూడా అంతే. 2020 జనవరిలో అమ్మ ఒడి మొదలైంది. 2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చింది. పేర్లు మారాయి, ఒక్క బిడ్డకా ఎంతమంది ఉంటే అంతమందికా అన్నది మారింది, కానీ రెండూ ఒకటో తరగతి నుంచే. ఏ మూడేళ్ళలో అయితే తల్లి చేతులు కట్టేసినట్టు ఉంటాయో ఆ మూడేళ్ళూ, అంటే మూడు నుంచి ఆరు, అందులో లేవు. నాలాంటి "దాతలు" దూరేది సరిగ్గా ఆ సందులోనే.

హైదరాబాదు తిరిగొచ్చాక ఈ సంగతి బయట ఎక్కడైనా చేశారా అని వెతికాను. చాలానే ఉంది.

అందరూ చెప్పే ఉదాహరణ పెర్రీ ప్రీస్కూల్. అమెరికాలో మిచిగన్ రాష్ట్రం, ఇప్సిలాంటి ఊరు, 1962 నుంచి 1967 దాకా. 123 మంది పేద నల్లజాతి పిల్లలు, అందులో లాటరీ వేసినట్టు 58 మందికి మంచి ప్రీస్కూలు, మిగతావాళ్ళకి లేదు. నలభై ఏళ్ళు దాటేదాకా వాళ్ళని గమనించారు. నోబెల్ వచ్చిన ఆర్థికవేత్త జేమ్స్ హెక్మన్ లెక్కలేసి పెట్టిన డబ్బుకి ఏడాదికి 7 నుంచి 10 శాతం తిరిగొచ్చిందన్నాడు. ఈ అంకె అందరూ చెప్తారు. తక్కువమంది చెప్పేదేంటంటే, అక్కడ టీచరు వారానికోసారి గంటన్నర సేపు ఇంటికెళ్ళి తల్లితో కూర్చునేది. జమైకాలో 1986-87లో మొదలైన ఇంకో ప్రయోగంలో అయితే బడే లేదు. ఆరోగ్య కార్యకర్తలు వారానికో గంట ఇంటికెళ్ళి, ఎదుగుదల తగ్గిన పిల్లలతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లులకి చూపించారు, రెండేళ్ళు. బొమ్మలు కూడా ఇంట్లో దొరికే వాటితో చేసినవే. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే ఆ పిల్లల సంపాదన, ఆ సాయం అందనివాళ్ళ కంటే 25 శాతం ఎక్కువ.

ఇవి రెండూ తల్లి ద్వారా బిడ్డకి. తల్లికే సూటిగా చేసింది ఓక్లహామాలోని టల్సాలో. అక్కడ పేద పిల్లల ప్రీస్కూలు నడిపే సంస్థ 2009లో కెరీర్ అడ్వాన్స్ అని మొదలుపెట్టింది. పిల్లలు బళ్ళో ఉన్న సమయంలోనే తల్లిదండ్రులకి నర్సింగు లాంటి ఆరోగ్యరంగ కోర్సులు. ఒక కోచ్, వారం వారం తోటి తల్లులతో కలిసి కూర్చోవడం, పిల్లల్ని చూసుకునే ఏర్పాటు. ఏడాదికల్లా సర్టిఫికెట్లు వచ్చాయి, ఆ రంగంలో ఉద్యోగాలూ పెరిగాయి. కానీ ఆదాయం మాత్రం మొదటి ఏడాదిలో పెరిగినట్టు కనబడలేదు. ఈ మాట నాకు నచ్చింది, అద్భుతం జరిగిపోయిందని చెప్పలేదు కాబట్టి. బోస్టన్‌లో ఎంపాత్ అనే సంస్థ ఇంకాస్త ముందుకెళ్ళి ఒక వంతెన బొమ్మ గీసింది. కుటుంబ స్థిరత్వం, ఆరోగ్యం, డబ్బు-అప్పులు, చదువు, ఉద్యోగం అని ఐదు స్తంభాలు. కోచ్, తల్లి కలిసి కూర్చుని ఏ స్తంభం ఎక్కడిదాకా లేచిందో చూసుకుంటారు. తర్వాత ఏం చెయ్యాలో తల్లే చెప్తుంది, కోచ్ కాదు. ఒక స్తంభం విరిగితే వంతెన మొత్తం ఆగుతుంది. నేను చదువు అనే స్తంభం ఒక్కదానికే, అదీ పిల్లది, సున్నం కొట్టి వచ్చానన్నమాట.

"పేదవాళ్ళకి ప్లానింగ్ తెలియదు" అని మన లంచ్ టేబుళ్ళ దగ్గర తరచుగా వినబడుతుంది. 2013లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది, తమిళనాడు చెరుకు రైతుల మీద. అదే రైతుకి కోతకి ముందు, చేతిలో డబ్బు లేనప్పుడు ఒక పరీక్ష. కోతయ్యాక, డబ్బు వచ్చాక మళ్ళీ అదే తరహా పరీక్ష. ముందు మార్కులు తక్కువ, తర్వాత ఎక్కువ. మనిషి అదే, బుర్ర అదే. లేమి బుర్రలో ర్యామ్ అంతా తినేస్తుంది. ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరుకు తోలి డబ్బు కోసం ఎదురుచూసిన కుటుంబాల వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదనుకోండి. ఇంకొకరు పక్కన కూర్చుని కాగితం మీద పెడితే కాస్త ర్యామ్ ఖాళీ అవుతుంది. కోచింగ్ అంటే నాకు అర్థమైనంతలో ఇదే. తెలియనిది చెప్పడం కాదు, తెలిసినదాన్ని ఆలోచించుకునే తీరిక ఇవ్వడం.

తమాషా ఏంటంటే మా వైపు కోచింగ్ అంటే అర్థం వేరు. "అవనిగడ్డ వెళ్ళాడు" అంటే చాలు, డీఎస్సీ కోచింగ్‌కి అని అర్థమైపోతుంది. రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చి దివిసీమలో గదులు అద్దెకి తీసుకుని నెలల తరబడి చదువుతారు. బందరు నుంచి బస్సెక్కితే దగ్గరే. కానీ ఇద్దరు పిల్లల తల్లికి అది అమెరికా అంత దూరం.

అయితే మేమేం చేశాం? పెద్దగా ఏమీ లేదు. నెలకో ఆదివారం నేను ఫోన్లో, అమ్మ, అక్క అరుగు మీద. అరగంట. మా మేనేజరు నాతో చేసే వన్-ఆన్-వన్ లాంటిదే. పోయిన నెల ఏం అనుకున్నాం, ఏమైంది, వచ్చే నెల ఏంటి. మూడో నెల నుంచి బావని కూడా కూర్చోబెట్టాం. అప్పటిదాకా ఆయనకి వారం ఫైనాన్సు సంగతి పూర్తిగా తెలియదు, ఆయన వేసే చీటీ సంగతి అక్కకి తెలియదు. అంగన్‌వాడీలో నెలకోసారి జరిగేది తల్లుల మీటింగే కదా, తండ్రులు ఎప్పుడూ గుమ్మం బయటే. ఇద్దరి లెక్కలూ ఒక కాగితం మీదకి వచ్చిన రోజు ఇంట్లో పెద్ద గొడవే అయింది. కానీ ఆ తర్వాత నెల నుంచి పని సులువైంది.

యజమాని అడ్వాన్సు నాలుగు నెలల్లో తీరింది (అక్క చెప్పిన వరస ప్రకారమే). పక్క వీధి రేటుకి పని మొదలైంది. బాబు మూడో ఏడు దగ్గరపడ్డాక అమ్మ సెంటరుకి రావడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పని ఆపి చదువు. ఆ రెండు గంటల కూలి పోకుండా నేను నెలకి కొంత పంపాను. ఫీజు కట్టినప్పటి కంటే తక్కువే! అవనిగడ్డలో చదివొచ్చిన ఒకమ్మాయి మెటీరియల్ ఇచ్చింది. 2025 జనవరికి అప్పులన్నీ తీరాయి. ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది, జూన్‌లో రాసింది.

రాలేదు. కొద్దిలో పోయింది.

ఇక్కడ మీరు సినిమా క్లైమాక్సు ఆశించి ఉంటే సారీ. ఇప్పుడు ఊళ్ళో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేస్తోంది. జీతం చెప్పుకోదగ్గది కాదు గానీ, గ్యాసు మంట లేదు, సాయంత్రం ఐదింటికి అరుగు మీద ట్యూషన్లు. పాప మున్సిపల్ స్కూల్లో మూడో తరగతి, బాగానే చదువుతోంది. ప్రైవేటు ఎల్‌కేజీ, యూకేజీలో నేర్చుకున్నది ఏం మిగిలిందని అడిగితే రెండు రైమ్సు పాడి వినిపించింది.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. డీఎస్సీ రాకపోవడం అక్క ప్లానింగ్ లోపం కాదు. 2018 తర్వాత 2024లో 6,100 పోస్టులకి ఒక నోటిఫికేషన్ వచ్చి రద్దయింది, మళ్ళీ 2025 దాకా ఆగాలి. ఈ ఏడేళ్ళకి ఏ కోచ్ ఏం చేస్తాడు? కూలి రేటు తక్కువైతే, ఉద్యోగాలే లేకపోతే, తల్లులకి కౌన్సెలింగ్ ఇచ్చి చేతులు దులుపుకోవడం మోసం అవుతుంది. "మీరు సరిగ్గా ఆలోచించడం లేదు, మేం నేర్పిస్తాం" అనే ధోరణి వస్తే అది నా ఎల్‌కేజీ ఫీజు కంటే ప్రమాదం.

మరి ఈ పని ఎవరు చెయ్యాలి? అంగన్‌వాడీ టీచరే చేస్తే పోలా అనిపిస్తుంది. వద్దు. అమ్మ రోజూ ఫోన్లో పోషణ్ ట్రాకర్‌తో కుస్తీ పడటం చూశాను. సిగ్నల్ లేక, ఫొటో పట్టక, పిల్లలకి పాట చెప్పాల్సిన సమయం అక్కడే పోతుంది. దాని మీద ఇది కూడా వేస్తే ఇంకో రిజిస్టరు అవుతుంది, అంతే. కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు తమిళనాడు అంగన్‌వాడీల్లో ఒక ప్రయోగం చేశారు. పిల్లల చదువు కోసం సెంటరుకి అదనంగా సగం రోజు పనిచేసే ఒక మనిషిని ఇచ్చి చూశారు. చదువు చెప్పే సమయం రెట్టింపయింది, పిల్లల లెక్కలూ భాషా మెరుగయ్యాయి, పాత టీచరుకి పోషణ పనికి తీరిక దొరికి ఎదుగుదల లోపం కూడా తగ్గింది. ఒక్క మనిషి, అదీ సగం రోజు!

మన దగ్గర అలాంటి సగం రోజు మనిషి కోసం వెతకాలా? డీఎడ్ చదివి, డీఎస్సీ కోసం ఎదురుచూస్తూ రాళ్ళు అతికిస్తున్న, పెడనలో కలంకారీ అచ్చులు వేస్తున్న ఆడపిల్లలు ఎంతమంది లేరు? పొద్దున పిల్లలకి చదువు, మధ్యాహ్నం ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులతో అరగంట చొప్పున. సంఘం లెక్కల పుస్తకం, సెంటరు రిజిస్టరు రెండూ తెలిసిన మనిషి. ఆవిడకి జీతం. ఇది నా అభిప్రాయం మాత్రమే, నేను పాలసీ మేకర్ని కాదు, జావా రాసుకునేవాణ్ణి.

చివరగా అమ్మమ్మ సంగతొకటి చెప్పి ముగిస్తాను. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో ఊళ్ళకి ఊళ్ళే పోయాయి. వేలమంది పోయారు. అమ్మకి అప్పుడు ఐదేళ్ళు. ఇల్లు పోయింది, గొడ్లు పోయాయి, చేలో ఉప్పు మేట. సాయం చెయ్యడానికి వచ్చినవాళ్ళలో ఒకావిడ చెట్టు కింద పిల్లలందరినీ కూర్చోబెట్టి పలకలిచ్చి, పాలపొడి కలిపి పోసేదట. పిల్లలు అక్కడుంటే పెద్దవాళ్ళు పోయి చేలు బాగుచేసుకునేవారు, సాయంత్రం ఆవిడే తల్లులకి సంతకం నేర్పేదట. అమ్మమ్మ పోయేదాకా అనేది, "పిల్లని ఎక్కడ దింపాలో తెలిసినాకే నాకు బతుకు మీద ఆశ పుట్టింది" అని. ఆ చెట్టు కింద కూర్చున్న పిల్లే పెద్దయ్యి అంగన్‌వాడీ టీచరయింది. ఆవిడ కొడుకు అదంతా మర్చిపోయి, టై కట్టుకుంటేనే చదువనుకున్నాడు.

మా టీము కుర్రాడికి ఇదంతా చెప్పలేదు. ఒక్కటే అన్నాను. "ఫీజు కట్టు, మంచిదే. కట్టేముందు పాప మధ్యాహ్నం ఎక్కడుంటుందో వాళ్ళమ్మని అడుగు. ఆ తర్వాత, ఆవిడ ఏం చదువుకుందో కూడా అడుగు."

వాడు సోమవారం వచ్చి చెప్పాడు. ఆవిడ ఇంటర్ బైపీసీ అట. నర్సింగు చేద్దామనుకుందట. పెళ్ళయ్యాక ఎవరూ అడగలేదట.